ఆక్సిజన్ ఎక్కువైతే ఫిట్స్ ఎందుకొస్తాయి? హైపర్‌బారిక్ చాంబర్‌లోకి వెళ్లే ముందు తెలుసుకోవాల్సిన సంగతి

మిర్యాలగూడలో ఉండే మా ఖాలాకు షుగర్ వచ్చి 18 ఏళ్లయింది. పోయిన ఏడాది ఎడమ కాలి వేలి పక్కన చిన్న పుండు లేచింది. చెప్పు కరిచిందిలే అనుకుని పసుపు రాసి ఊరుకుంది. మూడు వారాలకు అది లోపలికి తొలుచుకుంటూ ఎముక దాకా వెళ్లింది. మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే ఆమె కొడుకు పరుగున వెళ్లి తల్లిని టోలీచౌకీలోని తన ఇంటికి తెచ్చుకున్నాడు. ఆసుపత్రిలో పుండు శుభ్రం చేశారు, యాంటీబయాటిక్స్ మొదలుపెట్టారు, దాంతోపాటు 30 సిట్టింగుల హైపర్‌బారిక్ ఆక్సిజన్ చికిత్స కూడా రాశారు. సంతకం పెట్టమని ఇచ్చిన కాగితంలో ఒక లైను ఉంది: చికిత్స సమయంలో అరుదుగా ఫిట్స్ రావచ్చు.

ఆ రాత్రే వాడు నాకు ఫోన్ చేశాడు. "భయ్యా, ఆక్సిజన్ తగ్గితే ఫిట్స్ వస్తాయంటే అర్థముంది. ఎక్కువైతే రావడమేంటి? గాలే కదా అది!" పక్కనుంచి ఖాలా గొంతు వినిపిస్తోంది: "ఏం రా, ఊపిరి పీల్చుకుంటే మిర్గీ వస్తదా? కాలి పుండుకు పోతే తలకు చుట్టుకుంటదా?"

వాళ్ల అనుమానం సహజమే. 2021 ఏప్రిల్, మే నెలల్లో సిలిండర్ కోసం మనం ఎవరెవరి కాళ్లు పట్టుకున్నామో ఇంకా గుర్తుంది. అప్పటి నుంచి ఆక్సిజన్ అంటే ప్రాణం, ఎంతుంటే అంత మంచిది అనే మాట మనసులో పాతుకుపోయింది. కాబట్టి ముందుగా ఒక విషయం స్పష్టంగా చెప్పాలి. ఇంట్లో వాడే సిలిండర్ వల్ల గానీ, కాన్సెంట్రేటర్ వల్ల గానీ ఈ రకం ఫిట్స్ రావు. మామూలు గాలి ఒత్తిడిలో స్వచ్ఛమైన ఆక్సిజన్‌ను గంటల తరబడి, రోజుల తరబడి పీలిస్తే ఊపిరితిత్తులు దెబ్బతినవచ్చు, అది వేరే సంగతి. మెదడు మీద ప్రభావం కనబడాలంటే ఆక్సిజన్‌కు ఒత్తిడి తోడవ్వాలి.

ఒత్తిడి చేసే పని

మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడిని ఒక అట్మాస్ఫియర్ అంటారు. నీళ్లలో ప్రతి 10 మీటర్ల లోతుకు ఇంకో అట్మాస్ఫియర్ కలుస్తుంది. హుస్సేన్ సాగర్ అత్యధిక లోతు 32 అడుగులని చెబుతారు. ఆ లోతులో నిలబడితే (నిలబడాలని ఎవరికీ ఉండదనుకోండి) ఒంటి మీద దాదాపు 2 అట్మాస్ఫియర్ల ఒత్తిడి ఉంటుంది. హైపర్‌బారిక్ చాంబర్‌లో మనిషిని పొడిగా కూర్చోబెట్టి గానీ పడుకోబెట్టి గానీ, అలాంటి ఒత్తిడినే గాలితో కలిగిస్తారు. మామూలుగా 2 నుంచి 2.5 అట్మాస్ఫియర్ల మధ్య ఉంచుతారు. సముద్రంలో దిగి వేగంగా పైకి వచ్చిన డైవర్లకు వచ్చే 'బెండ్స్' జబ్బుకు 2.8 దాకా పెంచుతారు. ఆ ఒత్తిడిలో రోగి స్వచ్ఛమైన ఆక్సిజన్ పీలుస్తాడు.

దీనివల్ల ఒరిగేదేమిటి? మన రక్తంలో ఆక్సిజన్‌ను మోసేది హిమోగ్లోబిన్. ఆరోగ్యంగా ఉన్న మనిషిలో అది ఎలాగూ 97, 98 శాతం నిండే ఉంటుంది, కోవిడ్ రోజుల్లో వేలికి పెట్టుకున్న ఆక్సీమీటర్ చూపించింది ఆ అంకెనే. అంటే ఆ బస్సులో సీట్లు ఖాళీ లేవు. కానీ రక్తంలోని నీటి భాగం, ప్లాస్మా, ఇంకా ఉంది. గోళీ సోడాలో గ్యాసును ఒత్తిడితో నీటిలో కరిగించినట్టే, ఒత్తిడి పెంచితే ఆక్సిజన్ నేరుగా ప్లాస్మాలో కరుగుతుంది. మామూలుగా 100 మిల్లీలీటర్ల రక్తంలో ఇలా కరిగి ఉండేది 0.3 మిల్లీలీటర్ల ఆక్సిజనే. 3 అట్మాస్ఫియర్ల దగ్గర స్వచ్ఛమైన ఆక్సిజన్ పీలిస్తే అది దాదాపు 6 మిల్లీలీటర్లవుతుంది. విశ్రాంతిగా ఉన్న శరీరం అవసరాలకు అది ఇంచుమించు సరిపోతుంది. 1960లో ఆమ్‌స్టర్‌డామ్‌లో బోరెమా అనే సర్జన్ పందిపిల్లల రక్తంలో ఎర్రకణాలు దాదాపు లేకుండా చేసి కూడా, ఒత్తిడి గదిలో వాటిని బతికించి చూపించాడు.

రక్తనాళాలు పూడుకుపోయిన షుగర్ రోగి పాదానికి ఇది పనికొచ్చేది అందుకే. ఎర్రకణాలు సరిగా చేరలేని మూలకు కూడా ప్లాస్మా ద్వారా ఆక్సిజన్ చేరుతుంది, క్రిములతో పోరాడే తెల్లకణాలకు బలం వస్తుంది, కొత్త రక్తనాళాలు మొలవడానికి ఊతం దొరుకుతుంది. అయితే ఆ ప్లాస్మా కాలికి మాత్రమే పోదు. అదే రక్తం, అంతే ఆక్సిజన్‌తో, మెదడుకూ వెళుతుంది.

కాకినాడ చేరిన వెన్నెముక

ఒత్తిడితో కూడిన ఆక్సిజన్ వల్ల మూర్ఛ వస్తుందని ముందుగా చెప్పింది పాల్ బెర్ట్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త. 1878లో అచ్చయిన పెద్ద గ్రంథంలో, అధిక ఒత్తిడిలో ఆక్సిజన్ పీల్చిన పక్షులూ జంతువులూ గిలగిల కొట్టుకోవడాన్ని వివరించాడు. చాలాకాలం అది పుస్తకాల్లోనే ఉండిపోయింది. మనిషి మీద సంగతి తేల్చాల్సిన అవసరం యుద్ధం వల్ల వచ్చింది.

1939 జూన్ 1న బ్రిటన్ జలాంతర్గామి థెటిస్ లివర్‌పూల్ దగ్గర పరీక్షా ప్రయాణంలో మునిగిపోయింది. 99 మంది చనిపోయారు. వాళ్లు ఎందుకు బయటపడలేకపోయారో తేల్చే పనిని జె.బి.ఎస్. హాల్డేన్ అనే శాస్త్రవేత్తకు అప్పజెప్పారు. ఆయనకో అలవాటుంది. ప్రమాదకరమైన ప్రయోగం ఏదైనా ముందు తన మీదే చేసుకునేవాడు. ఇరుకైన ఉక్కు గదిలో కూర్చుని, ఒత్తిడి పెంచుకుని, రకరకాల గ్యాసులు పీల్చేవాడు. అలా ఆక్సిజన్ పీల్చిన ఒక ప్రయోగంలో ఆయనకు ఫిట్స్ వచ్చాయి. కండరాలు ఎంత బలంగా బిగుసుకున్నాయంటే వెన్నెముకలో ఎముకలు నలిగిపోయాయి.

ఆ హాల్డేన్ తర్వాత మన దేశానికే వచ్చేశాడు. 1957లో కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరాడు, భారత పౌరసత్వం తీసుకున్నాడు, 1962లో భువనేశ్వర్‌కు మారాడు. ఆయన దగ్గర పరిశోధన చేసిన శిష్యుల్లో పిఠాపురంలో పుట్టిన ద్రోణంరాజు కృష్ణారావు ఒకరు, గురువు జీవితం మీద తర్వాత పుస్తకాలు కూడా రాశారు. 1964 డిసెంబర్ 1న హాల్డేన్ కన్నుమూశాడు. వైద్య విద్యార్థుల చదువుకు, పరిశోధనకు ఉపయోగపడాలని తన దేహాన్ని కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీకి రాసిచ్చాడు. ఆక్సిజన్ ఫిట్స్‌కు నలిగిన ఆ వెన్నెముక చివరికి గోదావరి జిల్లా చేరిందన్నమాట. ఈ సంగతి మన పాఠ్యపుస్తకాల్లో ఎక్కడా ఎందుకు ఉండదో నాకు అర్థం కాదు.

హాల్డేన్ కంటే పద్ధతిగా లెక్కలు తీసినవాడు కెన్నెత్ డొనాల్డ్, బ్రిటిష్ నేవీ డాక్టర్. 1942 నుంచి యుద్ధం ముగిసేదాకా వలంటీర్లయిన డైవర్లతో 2,000కు పైగా ప్రయోగాత్మక డైవింగులు చేయించి, ఫలితాలను 1947లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రచురించాడు. ఆయన తేల్చిన వాటిలో ఒకటి నేటికీ డాక్టర్లను జాగ్రత్తగా ఉంచుతోంది. ఒకే డైవర్‌ను, ఒకే లోతు ఒత్తిడిలో, 90 రోజుల్లో 20 సార్లు పరీక్షించారు. ఒకరోజు 7 నిమిషాలకే లక్షణాలు కనిపించాయి. ఇంకోరోజు 148 నిమిషాల దాకా ఏమీ కాలేదు. మనిషి అదే, ఒత్తిడి అదే. కాబట్టి "నిన్న ఏమీ కాలేదు కదా, ఈరోజూ కాదు" అనే ధీమాకు ఇక్కడ చోటు లేదు. డొనాల్డ్ ఇంకో విషయం కూడా చూశాడు: పొడి గదిలో ఊరికే కూర్చున్నవాళ్ల కంటే, నీళ్లలో ఉన్నవాళ్లకు, అందులోనూ కష్టపడి ఈదేవాళ్లకు, ఫిట్స్ చాలా త్వరగా వస్తాయి. చాంబర్‌లో రోగి 2.4 అట్మాస్ఫియర్ల దగ్గర గంటన్నర హాయిగా ఉండగలిగితే, స్కూబా డైవర్లు ఆక్సిజన్ పాలు 1.6 దాటకుండా చూసుకునేది అందుకే. నీళ్లలో ఫిట్స్ వస్తే నోట్లోని గొట్టం జారిపోతుంది, మనిషి మునిగిపోతాడు.

మెదడులో జరిగేది

ఇక అసలు ప్రశ్నకు వద్దాం. మెదడులో కోట్లాది కణాలు ఒకదానితో ఒకటి రసాయనాల ద్వారా మాట్లాడుకుంటాయి. వాటిలో రెండు ముఖ్యం. గ్లుటమేట్ అనేది 'కానివ్వు, మోగించు' అని ఉసిగొలిపే రసాయనం. గాబా అనేది 'ఆగు, నిమ్మళించు' అనేది. రెండూ తూకంలో ఉన్నంతసేపూ మనం నడుస్తాం, మాట్లాడతాం, నిద్రపోతాం. ఆ తూకం తప్పి లక్షల కణాలు ఒక్కసారిగా, ఒకే తాళంలో మోగడం మొదలుపెడితే అదే ఫిట్స్.

విచిత్రం ఏంటంటే, గాబా తయారయ్యేది గ్లుటమేట్ నుంచే. గ్లుటమేట్‌ను గాబాగా మార్చే ఒక ఎంజైమ్ ఉంది, దాని పొట్టి పేరు గ్యాడ్. ఆ ఎంజైమ్ పనిచేయాలంటే విటమిన్ బి6 తోడు కావాలి. మన ఇళ్లల్లో టీబీ మందులు వాడినవాళ్లకు ఇది కొంచెం తెలిసే ఉంటుంది. ఐసోనియాజిడ్ మాత్రతో పాటు బి6 మాత్ర కూడా ఇస్తారు, నరాలు దెబ్బతినకుండా. ఐసోనియాజిడ్‌ను ఎవరైనా మోతాదు మించి మింగితే బి6 అందక, గాబా తగ్గి, ఫిట్స్ వస్తాయి. దారి అదే.

అధిక ఒత్తిడి ఆక్సిజన్ కూడా ఈ తూకాన్నే చెడగొడుతుంది. కణాలు ఆక్సిజన్‌ను వాడుకునేటప్పుడు కొద్దిపాటి ఫ్రీ రాడికల్స్ పుడుతూనే ఉంటాయి. పొయ్యి వెలిగిస్తే నాలుగు నిప్పురవ్వలు లేచినట్టు. వాటిని ఆర్పడానికి శరీరానికి సొంత ఏర్పాట్లున్నాయి, ఎంజైములు, గ్లుటాథయోన్ లాంటివి. ఆక్సిజన్ పది రెట్లు, అంతకు మించి పెరిగితే రవ్వలు ఆర్పే వేగాన్ని దాటిపోతాయి. అప్పుడు దెబ్బతినే వాటిలో గ్యాడ్ ఎంజైమ్ కూడా ఉంది. ఫిట్స్ రాకముందే మెదడులో గాబా తగ్గుతోందని 1960లలోనే జంతువుల మీద ప్రయోగాల్లో కనిపించింది. గాబా విరిగిపోకుండా కాపాడే మందు ముందే ఇస్తే ఫిట్స్ ఆలస్యమయ్యాయని తర్వాతి ప్రయోగాలు చెప్పాయి. ఇది చదివి ఎవరూ బి6 మాత్రలు మింగి చాంబర్‌లోకి వెళ్లొద్దు. లోపం లేనివాళ్లకు ఆ మాత్ర వల్ల ఈ ఫిట్స్ ఆగుతాయన్న రుజువు లేదు.

కథలో రెండో పాత్ర రక్తనాళాలది. ఆక్సిజన్ ఎక్కువ కాగానే మెదడులోని రక్తనాళాలు కాస్త ముడుచుకుంటాయి. హిమాయత్ సాగర్ గేట్లు దించినట్టు, వచ్చే వరదను తగ్గించుకునే ప్రయత్నం అది. రక్తనాళాలను వదులు చేసే నైట్రిక్ ఆక్సైడ్ అనే చిన్న అణువును ఆ ఫ్రీ రాడికల్స్ మింగేయడం వల్ల ఇది జరుగుతుంది. ఈ రక్షణే రోగిని గంటా గంటన్నర కాపాడుతుంది. కానీ ఒత్తిడి మరీ ఎక్కువైనా, సమయం మరీ సాగినా, నైట్రిక్ ఆక్సైడ్ ఉత్పత్తి పెరిగి పైచేయి సాధిస్తుంది. గేట్లు లేస్తాయి. అంత ఆక్సిజన్ నిండిన రక్తం ఒక్కసారిగా మెదడులోకి వస్తుంది. జంతువుల్లో చూస్తే ఈ రక్తప్రవాహం పెరిగిన కాసేపటికే ఫిట్స్ మొదలయ్యాయి.

కార్బన్ డయాక్సైడ్ దీనికి ఆజ్యం పోస్తుంది. అది మెదడు రక్తనాళాలను వెడల్పు చేస్తుంది, అంటే గేట్లను ముందే ఎత్తేస్తుంది. కష్టపడి ఈదే డైవర్‌కు త్వరగా ఫిట్స్ రావడానికి ఇదొక కారణం. మెదడు ఎంత సున్నితమైనదంటే దాన్ని కాపాడే ఏర్పాటూ, ముంచే ఏర్పాటూ ఒకే రక్తనాళం గోడలో ఉన్నాయి.

చాంబర్‌లో ఫిట్స్ వస్తే ఏం చేస్తారు?

ఇది చాలా అరుదు. మామూలు చికిత్స ఒత్తిడిలో కొన్ని వేల సిట్టింగులకు ఒకసారి కనిపిస్తుంది. అరుదుగా ఉంచడానికి వాడే ఉపాయం చాలా సులువు. రోగికి 30 నిమిషాల ఆక్సిజన్ ఇచ్చాక 5 నిమిషాలు మామూలు గాలి ఇస్తారు, మళ్లీ ఆక్సిజన్. దీన్ని ఎయిర్ బ్రేక్ అంటారు. ఆ 5 నిమిషాల్లో శరీరం రవ్వలు ఆర్పుకుని తేరుకుంటుంది. కొన్ని చోట్ల ఈ లెక్క 20, 25 నిమిషాలకు కూడా ఉంటుంది, డాక్టర్ ఎంచుకున్న ఒత్తిడిని బట్టి.

కొందరికి ముందుగా సూచనలు కనిపిస్తాయి. చూపు చుట్టూ అంచులు మూసుకుపోయి సొరంగంలోంచి చూస్తున్నట్టుంటుంది, చెవుల్లో హోరు, వికారం, కారణం లేని చిరాకో కంగారో, తల తిరుగుడు. అన్నిటికంటే నమ్మదగ్గది పెదవులూ బుగ్గలూ అదరడం. ఇవేవీ లేకుండా నేరుగా ఫిట్స్ కూడా రావచ్చు. అందుకే బయట నిలబడి గాజు కిటికీలోంచి చూసే మనిషి కళ్లు రోగి మొహం మీదే ఉండాలి, చేతిలోని ఫోన్ మీద కాదు.

ఫిట్స్ వస్తే ముందు చేసేది ఆక్సిజన్ ఆపి మామూలు గాలి ఇవ్వడం. మాస్క్ అయితే తీసేస్తారు, ఒక్కరే పట్టే గొట్టం లాంటి చాంబర్ అయితే లోపలి ఆక్సిజన్‌ను గాలితో మారుస్తారు. చూసేవాళ్లకు అప్పుడు అనిపించేది ఒకటే, 'తలుపు తీయండి, బయటికి లాగండి' అని. సరిగ్గా అదే చేయకూడదు. ఫిట్స్ మొదట్లో ఒళ్లు కట్టెలా బిగుసుకుని గొంతు మూసుకుపోతుంది, ఊపిరితిత్తుల్లో గాలి బంధించినట్టు ఉండిపోతుంది. ఆ క్షణంలో ఒత్తిడి దించితే లోపలి గాలి ఉబ్బి ఊపిరితిత్తి పగిలిపోవచ్చు. కాబట్టి ఒత్తిడిని ఉన్నచోటే ఉంచి, మనిషి మళ్లీ ఊపిరి తీయడం మొదలుపెట్టేదాకా ఆగుతారు. మామూలు ఫిట్స్‌లో ఈ బిగుసుకున్న సమయంలో ఒళ్లు నీలంగా మారి అందరూ హడలిపోతారు. ఇక్కడ రక్తం నిండా ఆక్సిజన్ ఉంటుంది గనక ఆ కాసేపు ఊపిరి లేకపోయినా నష్టం ఉండదు. సాధారణంగా ఒకటి రెండు నిమిషాల్లో ఫిట్స్ ఆగిపోతాయి. ఇవి శాశ్వత మూర్ఛ రోగంగా మారవు. రోగి జీవితాంతం మాత్రలు వేసుకోవాల్సిన పనీ లేదు.

మనింట్లో చూసుకోవాల్సినవి

ఈ ముప్పు అందరికీ సమానంగా ఉండదు. జ్వరం ఉంటే పెరుగుతుంది, ఆ రోజు సిట్టింగ్ వాయిదా వేయడం మంచిది. థైరాయిడ్ మరీ ఎక్కువగా పనిచేసేవాళ్లు, ఇదివరకే ఫిట్స్ ఉన్నవాళ్లు ముందే చెప్పాలి. ఫిట్స్ ఉన్నంత మాత్రాన చికిత్స వద్దనరు, మందులతో అదుపులో ఉన్నాయా లేదా చూస్తారు. నొప్పులకు మనవాళ్లు మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే ట్రమడాల్, సిగరెట్ మానడానికీ డిప్రెషన్‌కూ ఇచ్చే బుప్రోపియాన్, ఇవి ఫిట్స్‌ను దగ్గర చేస్తాయి. 'అది నొప్పి మాత్రే కదా' అని దాచొద్దు. ఊపిరితిత్తి చిల్లుపడి ఛాతీలో గాలి చేరినవాళ్లను, దాన్ని సరిచేసేదాకా, చాంబర్‌లోకి పంపనే కూడదు.

షుగర్ గురించి విడిగా చెప్పాలి. చాంబర్‌లో ఉన్నప్పుడు షుగర్ రోగుల రక్తంలో చక్కెర పడిపోవడం మామూలే. లోపల ఇన్సులిన్ వేసుకున్న మనిషి, బయట పెరిగేది ఆక్సిజన్. చక్కెర మరీ పడితే దానివల్ల కూడా ఫిట్స్ వస్తాయి, గాజు వెనుక నుంచి చూస్తే రెండూ ఒకేలా కనిపిస్తాయి. అందుకే ప్రతి సిట్టింగుకు ముందు వేలు గుచ్చి చక్కెర చూస్తారు, తక్కువుంటే ఏదైనా తినిపించి, ఆగి, మళ్లీ చూస్తారు. రమజాన్‌లో రోజా ఉండి మధ్యాహ్నం చాంబర్‌లోకి వెళ్లాలనుకునేవాళ్లు ఈ మాట గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. సహరీకి మందు వేసుకుని, పొద్దంతా ఏమీ తినకుండా, ఆ పైన సిట్టింగ్ అంటే చక్కెరతో చెలగాటమే. నెల మొదలయ్యే ముందే డాక్టర్‌తో కూర్చుని మందుల వేళలు, సిట్టింగ్ వేళలు మాట్లాడుకోవాలి. మూర్ఛ మందులు వాడేవాళ్లకూ ఇదే వర్తిస్తుంది, ఒక్క డోసు తప్పినా ముప్పే.

ఇంకోటి నిప్పు. ఆక్సిజన్ నిండిన చోట చిన్న రవ్వ చాలు. లోపలికి వెళ్లేటప్పుడు తలకు నూనె, ఒంటికి అత్తరు, వాసిలీన్, క్రీములు ఏవీ ఉండకూడదు. నైలాన్, పాలిస్టర్ బట్టలు పనికిరావు. బుర్ఖా, దుపట్టా, టోపీ ఏదైనా అక్కడ ఇచ్చే నూలు బట్టతోనే సర్దుకోవాలి. హిజాబ్ కావాలంటే నూలుది అడగండి, సిగ్గుపడేదేమీ లేదు. ఫోన్, పవర్ బ్యాంక్, వినికిడి మిషన్, లోహపు తావీజు, గాజులు అన్నీ బయటే.

ఫోన్‌లో కనిపించే ఆక్సిజన్

గచ్చిబౌలి, మాదాపూర్ ఆఫీసుల్లో పనిచేసే పిల్లల ఫోన్లలో ఈ మధ్య హైపర్‌బారిక్ ఆక్సిజన్ రీల్స్ బాగా తిరుగుతున్నాయి. రాత్రి షిఫ్టు అలసట పోతుంది, వయసు వెనక్కి వెళుతుంది, చర్మం మెరుస్తుంది, మెదడు చురుకవుతుంది అంటారు. జిప్పు ఉన్న మెత్తటి సంచి లాంటి చాంబర్లు కొన్ని కేవలం 1.3 అట్మాస్ఫియర్ల దాకే వెళ్తాయి. అందులో మామూలు గాలి నింపితే ఆక్సిజన్ పాలు దాదాపు 0.27 అట్మాస్ఫియర్లు మాత్రమే. ముక్కుకు పెట్టే మామూలు ఆక్సిజన్ గొట్టంతోనే అంతకంటే ఎక్కువ వస్తుంది. దాంతో ఫిట్స్ భయం పెద్దగా లేదు, అలాగే చెప్పిన గొప్పలకు రుజువూ లేదు. 2, 2.4 దాకా వెళ్లే గట్టి చాంబర్‌ను 'వెల్‌నెస్' పేరుతో, ఫిట్స్ వస్తే ఏం చేయాలో తెలియని సిబ్బందితో నడిపితే నాకు భయమేస్తుంది.

పిల్లల విషయంలో తల్లిదండ్రుల ఆశను వాడుకోవడం ఇంకా బాధ. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లలకు ఇది పనిచేస్తుందని చెప్పి లక్షలు గుంజేవాళ్లున్నారు. కెనడాలోని క్యుబెక్‌లో సెరిబ్రల్ పాల్సీ ఉన్న 111 మంది పిల్లల మీద చేసిన పరీక్ష ఫలితాలు 2001లో లాన్సెట్ పత్రికలో వచ్చాయి. సగం మందికి 1.75 అట్మాస్ఫియర్ల స్వచ్ఛమైన ఆక్సిజన్, మిగతావాళ్లకు 1.3 దగ్గర ఉత్త గాలి ఇచ్చారు. ఇద్దరూ ఒకే స్థాయిలో మెరుగుపడ్డారు. అంటే ఆక్సిజన్ వల్ల అదనంగా దక్కింది ఏమీ లేదు. ఆటిజంకు ఈ చికిత్సను హైపర్‌బారిక్ వైద్య సంఘాలు సిఫారసు చేయవు. 2025 జనవరి 31న అమెరికాలోని మిషిగన్ రాష్ట్రం ట్రాయ్ పట్టణంలో ఒక ప్రైవేటు సెంటర్‌లో చాంబర్ లోపల మంటలు చెలరేగి 5 ఏళ్ల బాబు చనిపోయాడు. బాబుకు ఇప్పిస్తున్నది ఏకాగ్రత లోపానికీ, నిద్రలో ఊపిరి సమస్యకూ. ఆ రెండూ ఈ చికిత్స ఆమోదిత జాబితాలో లేవు. సెంటర్ నడిపేవాళ్ల మీద క్రిమినల్ కేసులు పెట్టారు.

రుజువున్న జబ్బుల జాబితా అంత పొడవైనదేమీ కాదు: డైవర్ల బెండ్స్, రక్తంలో గాలి బుడగలు, బొగ్గు కుంపటి పొగ వల్ల వచ్చే కార్బన్ మోనాక్సైడ్ విషం, గ్యాస్ గ్యాంగ్రీన్, లోతైన షుగర్ పుండ్లు, రేడియేషన్ వల్ల చచ్చుబడిన కణజాలం, ఉన్నట్టుండి వచ్చిన చెవుడు, ఇంకా కొన్ని.

సెంటర్‌కు వెళ్లినప్పుడు 'మంచిదేనా' అని అడిగితే మంచిదనే అంటారు. దానికి బదులు ఎన్ని అట్మాస్ఫియర్లు, ఎన్ని నిమిషాలు, ఎయిర్ బ్రేక్ ఎన్నిసార్లు, ఫిట్స్ వస్తే ఒత్తిడి దించుతారా ఉంచుతారా, డాక్టర్ ఆ భవనంలోనే ఉంటారా అని అడగండి. ఒత్తిడి వెంటనే దించేస్తామని చెప్పిన చోటి నుంచి వెనక్కి వచ్చేయండి.

ఖాలా సంగతి చెప్పి ముగిస్తా. మా తమ్ముడు ఈ ప్రశ్నలన్నీ కాగితం మీద రాసుకుని వెళ్లి అడిగాడు, జవాబులు సరిగ్గానే వచ్చాయి, సంతకం పెట్టాడు. రెండుసార్లు చక్కెర తక్కువుందని బయటే కూర్చోబెట్టి బిస్కెట్లు తినిపించారు. 19వ సిట్టింగులో ఆమె కింది పెదవి అదరడం టెక్నీషియన్ చూసి ఆక్సిజన్ మార్చేశాడు. ఫిట్స్ రాలేదు. మిగతా సిట్టింగులు 2.4కు బదులు 2 దగ్గరే ఇచ్చారు. ఈ సంగతి ఫోన్‌లో విన్న మిర్యాలగూడ పక్కింటామె "గాలి సోకిందేమో, ఊదించండి" అందట. ఖాలా నవ్వి, "సోకింది గాలే అక్కా, కాకపోతే ఒత్తిడి కొంచెం ఎక్కువైంది, తగ్గించారు" అని చెప్పిందట. ఒక వేలు తీసేయాల్సి వచ్చింది. పాదం నిలబడింది, ఇప్పుడు మెత్తటి చెప్పులేసుకుని నడుస్తోంది.